తండ్రిగా మార్టిన్ లూథర్

1842లో హయ్యర్ దొర గుంటూరు వచ్చి మిషను పెట్టిన నాటి నుంచి ఈ ప్రాంతంలో లూథరన్ అన్న మాట వినపడుతూనే ఉంది. ఆ పేరుకు మూలం జర్మనీకి చెందిన మార్టిన్ లూథర్. పాపక్షమాపణ పత్రాల అమ్మకాన్ని 1517లో ప్రశ్నించి, 1521లో వెలి పడిన ఆ సన్యాసి కథ చాలామందికి తెలుసు. బిడ్డల తండ్రిగా ఆయన ఎలా ఉండేవారో అంతగా తెలియదు.

లూథర్ 1483 నవంబరు 10న ఐస్లెబెన్‌లో జన్మించారు. తండ్రి హన్స్ రాగి గనుల్లో కష్టపడి పైకొచ్చిన మనిషి. కొడుకు ప్లీడరు కావాలని ఆయన కోరిక. కొడుకు 1505లో మఠంలో చేరిపోయాడు. ఆ ఇంట్లో దెబ్బలకు కొదవ లేదు. ఒక్క గింజ తీసినందుకు తల్లి నెత్తురు వచ్చేలా కొట్టిన సంగతి లూథర్ పెద్దయ్యాక కూడా మరువలేదు. బెత్తం పక్కనే ఆపిల్ పండు కూడా ఉండాలని ఆయన అంటుండేవారు.

1525 జూన్ 13న, అంతకు ముందు కన్యాశ్రమం విడిచి వచ్చిన కాథరీనాను పెళ్ళాడారు. ఆయనకు 41, ఆమెకు 26 ఏళ్ళు. విట్టెన్‌బర్గ్‌లో పాత మఠం భవనమే వారి ఇల్లయింది. ఆరుగురు పిల్లలు పుట్టారు. రెండో బిడ్డ ఎలిజబెత్ ఏడాది నిండక ముందే 1528లో పోయింది.

ఆ సంవత్సరమే సాక్సనీ పల్లెల్లో సంఘాల స్థితి చూడడానికి లూథర్ బయలుదేరారు. చూసింది ఘోరం. పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు రాని జనం ఎక్కడ చూసినా ఉన్నారు. నేర్పవలసిన పాస్టర్లలోనే చాలామందికి చేతకాదు. అందుకే 1529లో చిన్న కాటెకిజం రాశారు. మొదట అది గోడకు తగిలించుకునే కాగితాలుగా అచ్చయింది. ఇంటి యజమాని తన ఇంటివారికి ఎలా నేర్పాలో చెప్పే పాఠం అది. ఒక ఆజ్ఞ చదవాలి, దీనికి అర్థమేమిటని అడగాలి, పిల్లవాడు జవాబు చెప్పాలి. అక్షరం రాని తండ్రి అయినా కంఠతా పట్టగలిగినంత పొట్టి జవాబులు. పొద్దున లేవగానే, భోజనం ముందు, పడుకునే ముందు చేయవలసిన ప్రార్థనలూ అందులో ఉన్నాయి. 1740వ దశకంలో షుల్జ్ దొర దీన్ని తెలుగులోకి తెచ్చి జర్మనీలోని హాలేలో అచ్చు వేయించారు. తెలుగులో తొలుత అచ్చయిన పుస్తకాల్లో అదొకటి.

తాను రాసిన పాఠాన్ని లూథర్ తానూ వల్లె వేసేవారు. అంత పండితుడూ రోజూ పొద్దున్నే చిన్నపిల్లవాడిలా ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, కీర్తనలు చదువుకునేవారు. జబ్బు చేసి గుడికి వెళ్ళలేని ఆదివారాల్లో ఇంట్లోనే భార్యాపిల్లలకు, పనివారికి ప్రసంగం చేసేవారు. పిల్లల కోసం క్రిస్మస్ పాట కట్టారు. 15 చరణాల ఆ పాట 1535లో అచ్చయింది.

1530లో ఆయన కోబర్గ్ కోటలో ఉండిపోవలసి వచ్చింది. అక్కడ ఉండగానే తండ్రి పోయిన కబురు అందింది. ఏడాది బిడ్డ మగ్దలేన బొమ్మ గీయించి కాథరీనా పంపితే, కంటికి ఎదురుగా గోడకు తగిలించుకున్నారు. ఆ రోజుల్లోనే నాలుగేళ్ళ కొడుకు హన్స్‌కు ఉత్తరం రాశారు. పిల్లలు ఆపిల్ పళ్ళు, చెర్రీలు ఏరుకుంటూ, వెండి జీనుల గుర్రాలెక్కి ఆడుకునే తోట ఒకటుందట. ప్రార్థన చేసుకుని బుద్ధిగా చదువుకునే పిల్లలకు అందులోకి రానిస్తారట. నాలుగేళ్ళ వాడికి పరలోకం గురించి ఇంతకంటే తేలిగ్గా చెప్పడం కష్టం.

అలాగని మెతక తండ్రి కాదు. తప్పు చేసిన కొడుకును ఒకసారి మూడు రోజులు ఎదుటికి రానివ్వలేదు.

1542లో మగ్దలేన మంచాన పడింది. టోర్గావ్‌లో చదువుతున్న అన్న హన్స్‌ను బండి పంపి పిలిపించారు. ఇక్కడి తండ్రి దగ్గర ఉంటావా, పైనున్న తండ్రి దగ్గరికి వెళ్తావా అని లూథర్ అడిగితే, దేవుడి ఇష్టమని బదులిచ్చింది బిడ్డ. సెప్టెంబరు 20న తండ్రి చేతుల్లోనే కన్నుమూసింది. పదమూడేళ్ళు. పిల్ల మంచి చోటికే వెళ్ళిందని తెలిసినా తనకూ భార్యకూ కన్నీరు ఆగడం లేదని, క్రీస్తు మరణాన్ని తలచుకున్నా ఆ దుఃఖం పూర్తిగా పోవడం లేదని స్నేహితుడు యోనాస్‌కు దాచకుండా రాశారు.

1546 ఫిబ్రవరి 18న, పుట్టిన ఊరు ఐస్లెబెన్‌లోనే లూథర్ మరణించారు. కొడుకుల్లో హన్స్ న్యాయశాస్త్రం చదివాడు, తాత కోరిక అలా మనవడి దగ్గర తీరింది. పాల్ వైద్యుడయ్యాడు. మార్టిన్ వేదాంతం చదివినా ఏ సంఘానికీ పాస్టరుగా వెళ్ళలేదు.