తలవంచని కలం: ఖాసా సుబ్బారావు

ఖాసా సుబ్బారావుగారి పేరు మన కాలేజీలో ఎందరికి తెలుసో గాని, రైతుబిడ్డలు తెలుసుకోదగ్గ పేరు.

1896లో పుట్టిన ఈ నెల్లూరు జిల్లావాడు మద్రాసు చేరి, ప్రకాశం పంతులుగారి ఇంగ్లీషు దినపత్రిక ‘స్వరాజ్య’లో పనిచేశారు. సత్యాగ్రహం రోజుల్లో పోలీసు లాఠీదెబ్బలు ఒళ్ళు హూనమయ్యేలా తిన్నారు. 1946లో ‘స్వతంత్ర’ అనే ఇంగ్లీషు వారపత్రిక పెట్టారు. ‘సాకా’ అన్న కలంపేరుతో ‘సైడ్‌లైట్స్’ శీర్షిక రాశారు. గోరాశాస్త్రిగారు సంపాదకత్వం వహించిన ‘తెలుగు స్వతంత్ర’ కూడా 1948లో వచ్చింది.

ఏ కాంగ్రెసు కోసం దెబ్బలు తిన్నారో, అది గద్దెనెక్కాక దాన్నే నిలదీశారు. అధికారమంతా సర్కారు చేతిలో పోగుపడితే మనిషికి స్వేచ్ఛ మిగలదని ఆయన వాదం. 1956లో మొదలైన ‘స్వరాజ్య’ వారపత్రికకు సంపాదకులయ్యారు. రాజాజీ అందులో రాసేవారు.

1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు ఉమ్మడి సహకార సేద్యానికి తీర్మానం చేసింది. అంటే పొలాలు కలిపేసి సాగుచెయ్యాలన్నమాట. రాజాజీ, రంగాగారు ఎదురు తిరిగి, ఆ ఏడే స్వతంత్ర పార్టీ పెట్టారు. ‘స్వరాజ్య’ వాళ్ళకి అండగా నిలిచింది.

మాకున్నది నాలుగెకరాలు. గట్టు చెరిపెయ్యమంటే మా నాన్న ఒప్పుకోడు, అందుకే ఈ వాదం నాకు చప్పున తలకెక్కింది. మరి మా చేలో కూలికొచ్చేవాళ్ళకి చెరపడానికి గట్టే లేదు. వాళ్ళ మాటేమిటన్న ప్రశ్నకి ఆ వాదంలో నాకు జవాబు దొరకలేదు.

1961లో ఆయన కన్నుమూశారు. ఎదుటి పక్షాన్ని తిట్టడం మన యూనియన్ ఎన్నికల్లో అందరికీ వచ్చు. గెలిచిన మనవాణ్ణి నిలదీయడమే కష్టం. ఆయన చేసింది ఆ పనే.