విల్లిస్ క్యారియరు మహాశయుడు

వర్షకాలమున అప్పడములు మెత్తబడుటయు, తలుపులు బిగిసికొనుటయు మనమందరము చూచుచునే యున్నాము. చల్లని నీరు పోసిన చెంబు వెలుపల చెమటపట్టుటయు మన మెరిగినదే. గాలిలో కంటికి కానరాని నీటియావిరి యుండుటచేతనే యివి యన్నియు సంభవించుచున్నవి. ఆ యావిరి యెంత యున్నదో గణించి, యా గణనను ఒక్క కాగితముపై గీతలుగా నిలిపి, గదిలోని గాలిని మానవుని యవసరమునకు తగినట్లు దిద్దు విద్యకు పునాది వేసిన విల్లిస్ హేవిలండ్ క్యారియరు చరిత్రము విద్యార్థులు తెలిసికొనదగినది.

ఈయన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని న్యూయార్కు రాష్ట్రమున, ఈరీ సరస్సు చేరువనున్న యంగోలా గ్రామసమీపమున, ఒక వ్యవసాయకుటుంబమునందు 1876వ సంవత్సరము నవంబరు 26వ తేదీన జన్మించెను. తలిదండ్రులకు ఈయన యేకపుత్రుడు. బాల్యమున భిన్నముల లెక్కలు ఈయనకు ఎంత మాత్రమును కొరుకుడుపడలేదు. తల్లి కుమారుని కోపింపలేదు. ఇంటి నేలమాళిగనుండి ఒక పళ్లెమునిండ ఆపిలు పండ్లను తెప్పించి, వానిని సగములుగను, పాతికలుగను, ఎనిమిదవ వంతులుగను అతనిచేతనే కోయించి, ఆ ముక్కలను కూర్పించి తీసివేయించెను. అంతవరకు పలకమీది గీతలై భయపెట్టిన భిన్నములు ఆ దినమున కన్నుల కగుపడు వస్తువులయ్యెను. ఈయనకు పదునొకండేండ్ల ప్రాయముననే యా తల్లి గతించెను. ఆమె నేర్పిన పాఠము మాత్రము ఆయనను జీవితాంతము విడువలేదు.

ఇంట ధనము చాలనందున ఉన్నతవిద్య వెంటనే దొరకలేదు. కొంతకాలము బడిపంతులుగా పనిచేసి, పిమ్మట పరీక్షలలో విద్యార్థివేతనమును సంపాదించి, కార్నెల్ విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. అచ్చట చిల్లరపనులు చేసికొనుచు చదివి, 1901వ సంవత్సరమున ఇంజనీరు పట్టము నందెను. ఆ సంవత్సరముననే బఫెలో ఫోర్జి కంపెనీలో వారమునకు పది డాలర్ల జీతముమీద కుదిరెను.

మరుసటి యేడు బ్రూక్లిన్‌లోని సాకెట్-విల్‌హెల్మ్స్ ముద్రణశాలవారి కష్టము ఈయన యొద్దకు వచ్చెను. రంగుల బొమ్మలను అచ్చువేయునపుడు ఒక్కొక్క రంగును వేరువేరుగ నొకదానిపై నొకటి అద్దవలెను. వేసవిలో గాలియందలి తేమచే కాగితము సాగుటయు, ఆరినపుడు ముడుచుకొనుటయు జరిగి, రంగు రంగుతో కలియక బొమ్మలు చెడిపోవుచుండెను. కాగితమును మార్చిన లాభము లేదు. గాలినే మార్చవలెనని క్యారియరు గ్రహించెను. వాతావరణశాఖవారి పట్టికలను పరిశీలించి, చల్లని నీరు ప్రవహించు గొట్టములమీదుగా గాలిని నడిపించు ఏర్పాటును 1902వ సంవత్సరము జూలైలో రచించెను. గాలి చల్లబడినపుడు అధికమైన యావిరి బిందువులై రాలిపోవును. ఈ విధముగా ఆ శాలలో ఏడాది పొడుగునను నూటికి 55 వంతుల ఆర్ద్రత నిలుపుటకు ఆయన సంకల్పించెను.

ఆ సంవత్సరాంతమున పిట్స్‌బర్గు రైలుస్టేషనులో బండికై వేచియుండగా దట్టమైన మంచు నలుదెసల గ్రమ్మియుండెను. చూచువారికి అది చీకాకు. ఈయనకు అది పాఠము. మంచు గ్రమ్మిన గాలి తాను మోయగల యావిరి నంతయు మోయుచున్నది. ఆ గాలి యెంత చల్లనిదో తెలిసిన, అందలి నీరెంతయో తెలియును. కాన చల్లని నీటితుంపరలలో గాలిని ముంచి, దాని వేడిమిని మనమే నిర్ణయించినచో, తేమను కూడ మనమే నిర్ణయింపవచ్చును. నీటితో గాలిని ఆరబెట్టుట వింతగా తోచును గాని యది సత్యము. ఈ యంత్రమునకు 1906వ సంవత్సరము జనవరి 2వ తేదీన పేటెంటు లభించెను.

అయినను యంత్ర మొక్కటియే చాలదు; దానిని నడుపువారికి లెక్క కావలెను. 1911వ సంవత్సరము డిసెంబరులో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘము నెదుట ఈయన తన సూత్రములను, వానితోపాటు నొక పటమును సమర్పించెను. అదియే సైక్రోమెట్రిక్ చార్టునకు ఆధారమైనది. నేడు వాడుకలోనున్న చార్టులో అడుగున గాలియొక్క వేడిమియు, ప్రక్కన నీటియావిరి పరిమాణమును గుర్తింపబడును. వంపుగీతలు ఆర్ద్రతను, ఏటవాలు గీతలు తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకము చూపు వేడిమిని తెలుపును. ఏ రెండు సంగతులు తెలిసినను గీతలు కలియు బిందువున తక్కినవన్నియు దొరకును. ఉదాహరణమునకు, సముద్రమట్టమున 30 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి, నూటికి 50 వంతుల ఆర్ద్రతగల గాలిలో, కిలోగ్రాము పొడిగాలికి సుమారు 13 గ్రాముల యావిరి యుండును. ఆ గాలి యించుమించు 18 డిగ్రీలకు చల్లబడగనే మంచుబిందువులు పట్టును. ఆపిలు ముక్కలచే భిన్నములను చూపిన తల్లి కుమారుడు, అదృశ్యమైన యావిరిని గీతలచే లోకమునకు చూపెను.

తరువాత యూరపు యుద్ధము మొదలైనపుడు కంపెనీవారు ఈ శాఖను మానివేయ నిశ్చయించిరి. క్యారియరు అధైర్యపడక, ఆరుగురు మిత్రులతో కలిసి 32,600 డాలర్ల మూలధనముతో 1915వ సంవత్సరమున సొంత సంస్థను స్థాపించెను. 1922లో కొత్త శీతలయంత్రమును బయలుపరచెను. 1925లో న్యూయార్కునందలి రివోలీ నాటకశాలలో దానిని నెలకొల్పిన తొలిదినమున యంత్రము ఆలస్యముగ నడచెను. లోపలికి వచ్చిన ప్రేక్షకులు విసనకఱ్ఱలతో విసరుకొనుచుండిరి. క్యారియరు వెనుక నిలిచి ఆతురతతో చూచుచుండెను. మెల్లమెల్లగా చల్లదనము వ్యాపింపగా, ఒక్కొక్కటిగ విసనకఱ్ఱలు ఒడిలోనికి దిగెను. ఆయన శ్రమ ఫలించెను.

1950వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీన ఈయన పరలోకగతుడయ్యెను. నేడు ఆ పటమును చేతితో గీయ నవసరము లేదు. ఒక్కొక్క వేడిమియొద్ద గాలి యెంత యావిరిని భరింపగలదో లెక్కించి, ఆ బిందువులను వరుసగా కలుపుమని కొద్ది పంక్తుల ఆజ్ఞలను వ్రాసినచో, కంప్యూటరు క్షణములో గీయుచున్నది. గాలియొత్తిడి తక్కువగల కొండప్రదేశమునకు వేరు పటము కావలసిన, ఒక్క అంకె మార్చిన చాలును. కాని యంత్రమునకు ఆజ్ఞ నిచ్చువాడు ఆ గీతల యర్థ మెరుగనిచో, తప్పును గుర్తింపజాలడు.

బాలబాలికలారా! లెక్క అర్థము కానపుడు దానిని విడిచిపెట్టకుడు; కన్నుల కగుపడునట్లు చేసికొనుడు. తలిదండ్రులారా! బిడ్డ మందుడని నిరాశ చెందకుడు. భిన్నములు రాక యేడ్చిన బాలుడే గాలిని కొలిచెను. అతని తొలి గురువు చేతనుండినది ఒక పళ్లెము పండ్లు మాత్రమే.