ఆనీ ఓక్లీ

ఆనీ ఓక్లీ (ఆగష్టు 13, 1860 - నవంబరు 3, 1926) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సుప్రసిద్ధ తుపాకి విన్యాసకారిణి, మట్టి బిళ్ళలను కొట్టే పోటీలలో మేటి. ఈమె అసలు పేరు ఫీబీ ఆన్ మోజీ. గురి ఎంత గొప్పదైనా తూటా నమ్మదగినది కాకపోతే ఫలితం ఉండదని గ్రహించి, తుపాకి మందు ఎంపికలో ఎంతో పట్టుదల చూపిన క్రీడాకారిణి ఈమె.

బాల్యము

ఆనీ ఒహాయో రాష్ట్రంలోని డార్క్ కౌంటీలో ఒక నిరుపేద రైతు కుటుంబంలో జన్మించింది. 1866లో తండ్రి మరణించాడు. సుమారు పదేళ్ళ వయసులో ఆమెను కౌంటీ అనాథాశ్రమానికి పంపారు. అక్కడి నుండి పనికి కుదిరిన ఇంట్లో ఆమె చాలా కష్టాలు అనుభవించింది. తిరిగి తల్లి వద్దకు చేరాక, తండ్రి వదలి వెళ్ళిన తుపాకితో చిన్న జంతువులను, పక్షులను వేటాడి గ్రీన్‌విల్ పట్టణంలోని దుకాణదారులకు అమ్మేది. ఆ సంపాదనతోనే తల్లి ఇంటిపై ఉన్న అప్పు తీర్చింది. తూటా ఖర్చుకు మించి రాబడి ఉంటేనే ఆ బ్రతుకు సాగుతుంది కాబట్టి ఒక్క గుండు కూడా వృథా చేయకపోవడం ఆమెకు చిన్ననాడే అలవాటయింది.

వివాహము, ప్రదర్శనలు

సిన్సినాటి ప్రాంతంలో జరిగిన ఒక పందెంలో ఆమె ఫ్రాంక్ బట్లర్ అనే వృత్తి విన్యాసకారుడిని ఓడించింది. తరువాత ఆయననే వివాహమాడింది. ఈ పందెం 1875లో జరిగిందని కొందరు, 1881లో జరిగిందని మరికొందరు చరిత్రకారులు భావిస్తారు. 1885లో ఆమె బఫెలో బిల్ నిర్వహించే వైల్డ్ వెస్ట్ ప్రదర్శన బృందంలో చేరింది. అంతకు ముందు ఆ స్థానంలో ఆడమ్ బొగార్డస్ అనే ప్రఖ్యాత షూటర్ ఉండేవాడు. లకోటా తెగ నాయకుడు సిట్టింగ్ బుల్ ఆమెను కూతురిగా భావించి, గురి తప్పని చిన్నది అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు.

1885లోనే ఆమె గాలిలోకి విసిరిన 5,000 గాజు బంతులలో 4,772 బంతులను పగులగొట్టింది. ఇది దాదాపు తొమ్మిది గంటల పాటు సాగింది. అంటే నిమిషానికి సుమారు తొమ్మిది సార్లు తుపాకి పేల్చినట్లు.

మట్టి పావురాలు

బొగార్డస్ 1877లో గాజు బంతులను విసిరే యంత్రానికి పేటెంటు పొందాడు. 1880లో సిన్సినాటికి చెందిన జార్జి లిగోవ్‌స్కీ కాల్చిన మట్టితో పళ్ళెం ఆకారపు బిళ్ళను తయారుచేశాడు. ఇది పక్షి వలె తేలుతూ పోతుంది కనుక మట్టి పావురం అని పేరు వచ్చింది. క్రమంగా గాజు బంతులు, సజీవ పావురాల స్థానాన్ని ఇవే ఆక్రమించాయి.

ఈ పోటీలలో షాట్‌గన్ వాడుతారు. దాని తూటాలో ఒకే గుండు కాక వందలాది చిన్న సీసపు గుళ్ళు ఉంటాయి. ఉదాహరణకు ఒకటింబావు ఔన్సు కంటే కాస్త తక్కువైన ఒకటీ ఒకటింట ఎనిమిదవ వంతు ఔన్సు (సుమారు 32 గ్రాములు) తూటాలో ఏడున్నర నంబరు గుళ్ళు సుమారు 390 పడతాయి. ప్రతి తూటాలోను మందు, గుళ్ళు ఒకే కొలతలో లేకపోతే గుళ్ళు బిళ్ళను చేరే సమయము, అవి పరచుకొనే తీరు మారిపోతాయి. అప్పుడు షూటర్ అలవాటు చేసుకొన్న అంచనా తప్పుతుంది.

తుపాకి మందు ఎంపిక

ఆ కాలంలో చాలామంది షూటర్లు తూటాలను తామే నింపుకొనేవారు. సంప్రదాయ నల్ల తుపాకి మందు దట్టమైన పొగ వదులుతుంది, గొట్టంలో మసి పేరుకొంటుంది. రెండు బిళ్ళలు ఒకేసారి ఎగిరితే మొదటి పేలుడు పొగలో రెండవది కనపడదు. దీనికి పరిష్కారంగా వచ్చినది షుల్జ్ మందు. ప్రష్యా సైన్యాధికారి షుల్జ్ కలపను రసాయనికంగా మార్చి దీనిని కనుగొన్నాడు, ఇంగ్లాండులో దీని కర్మాగారం వెలసింది. దీనిని నల్లమందు వలెనే గిన్నెతో కొలిచి నింపవచ్చు. అయితే తరువాత వచ్చిన సాంద్రమైన పొగరాని మందులను అదే గిన్నెతో కొలిస్తే గొట్టం పగిలే ప్రమాదం ఉండేది.

ఆనీ షుల్జ్ మందునే ఇష్టపడేది. 1889లో బృందం పారిస్ ప్రపంచ ప్రదర్శనకు వెళ్ళినప్పుడు చిక్కు వచ్చిపడింది. ఫ్రాన్సులో తుపాకి మందుపై ప్రభుత్వానికి గుత్తాధిపత్యం ఉండేది, విదేశీ మందును తేనిచ్చేవారు కారు. స్థానిక మందు ఆమెకు సరిపడలేదు. షుల్జ్ మందును వేడినీళ్ళ సంచులలో నింపి, స్త్రీలు ధరించే గౌనుల క్రింద దాచి తెప్పించుకొన్నట్లు ఆమె జీవితచరిత్రలు తెలుపుతున్నాయి. పట్టుబడితే శిక్ష తప్పదు. అయినా తెలియని మందుతో వేలాదిమంది ముందు నిలబడడానికి ఆమె ఇష్టపడలేదు.

తుపాకి, తూటా పొందిక

ఆనీ ఎత్తు సుమారు 5 అడుగులు మాత్రమే. 1887లో లండను వెళ్ళినప్పుడు ఆమె తుపాకులు ఏడున్నర పౌండ్ల బరువుండేవి. అక్కడి ప్రసిద్ధ తయారీదారు చార్లెస్ లాంకాస్టర్ సంస్థ ఆమె శరీరానికి తగినట్లు సుమారు 6 పౌండ్ల తుపాకి తయారుచేసింది. తుపాకి తేలికైన కొద్దీ అదే తూటా భుజాన్ని ఎక్కువగా తన్నుతుంది. కాబట్టి తేలిక తుపాకికి తేలిక తూటా కావలసి వస్తుంది. ఆటగాళ్ళు నేటికీ పాటించే సూత్రం ఇది.

కర్మాగారపు తూటాలు

1880 దశకం నుండి యంత్రాలతో నింపిన తూటాలు అంగళ్ళకు వచ్చాయి. అక్టోబరు 29, 1901న నార్త్ కరోలినాలో జరిగిన రైలు ప్రమాదంలో ఆనీ వెన్నుకు గాయమై బృందాన్ని వీడింది. ఫ్రాంక్ యూనియన్ మెటాలిక్ కార్ట్రిడ్జ్ కంపెనీ ప్రతినిధిగా చేరాడు. ఈ కంపెనీ తూటాల ప్రచారంలో దంపతులిద్దరూ పాల్గొన్నారు. కొలత తప్పని తూటా ఎవరికైనా కొనుక్కొనే వస్తువు కావడంతో ఈ క్రీడ సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. నేడు అమెరికా ట్రాప్ పోటీలలో ఏడున్నర నంబరు కంటే పెద్ద గుళ్ళను అనుమతించరు. ఒలింపిక్ పోటీలలో సీసం బరువు 24 గ్రాములకు పరిమితము.

చివరి దశ

1915 నుండి కొన్ని సంవత్సరాలు ఆమె నార్త్ కరోలినాలోని పైన్‌హర్స్ట్‌లో అనేకమంది స్త్రీలకు తుపాకి కాల్చడం నేర్పింది. 1922లో, అరవై ఏళ్ళు దాటిన వయసులో, అక్కడే 16 గజాల స్థానం నుండి వరుసగా 100 మట్టి బిళ్ళలను కొట్టింది. అదే సంవత్సరం కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడింది. నవంబరు 3, 1926న గ్రీన్‌విల్‌లో మరణించింది. 18 రోజుల తరువాత ఫ్రాంక్ కూడా కన్నుమూశాడు. ఆమె జీవితం ఆధారంగా 1946లో న్యూయార్క్‌లో ప్రదర్శించిన సంగీత నాటకం ఆమె పేరును తరువాతి తరాలకు పరిచయం చేసింది.