ఆశ్రమ నేతకాడు మగన్‌లాల్ గాంధీ

1915వ సంవత్సరం మే నెలలో అహమ్మదాబాదు చెంతనున్న కోచ్రబు గ్రామంలో ఒక అద్దె బంగళాయందు సత్యాగ్రహాశ్రమం వెలసినది. కట్టుకొనే బట్టను తామే నేసుకొనవలెనని ఆశ్రమవాసులు నిశ్చయించుకొన్నారు. నిశ్చయం సులభమే. మగ్గం ముందు కూర్చుండ నేర్చినవాడు మాత్రం వారిలో ఒక్కడును లేడు. ఉద్యోగపు చదువులు చదివినవారో, వర్తక కుటుంబాలవారో కాని, చేతిపని ఎరిగినవారు కారు. హింద్ స్వరాజ్ రచించిన 1909 నాటికి గాంధీజీ సైతం రాట్నాన్ని కండ్లతో చూచి యుండలేదు. చివరకు పాలన్‌పూరు నుండి ఒక నిపుణుణ్ణి రప్పించినారు. అతడు వచ్చినాడు, నేర్పినాడు. కాని విద్యనంతా విప్పి చెప్పలేదు. అందుకు అతణ్ణి నిందించి ప్రయోజనం లేదు. ఆ విద్యయే అతని జీవనాధారం కదా! అతడు దాచిన మర్మాలను స్వయంగా సాధించి, మగ్గాన్ని లొంగదీసి, ఇతరులకు ఏమాత్రం దాపరికం లేకుండా నేర్పినవారు మగన్‌లాల్ గాంధీ.

ఆయన 1883లో జన్మించినారు. తండ్రి ఖుశాల్‌చంద్ గాంధీజీకి దాయాది సోదరుడు. కావున మగన్‌లాల్ మహాత్మునికి వరుసకు కుమారుడు. 1903లో ధనార్జన కొరకు దక్షిణాఫ్రికా వెళ్ళినారు. మరుసటి సంవత్సరం ఫీనిక్సు ఆశ్రమం ఏర్పడగానే వ్యాపారం విడిచి, కాయకష్టానికి దిగినారు. అక్కడి భారతీయుల ప్రతిఘటనకు తగిన పేరు కావలెనని పత్రికలో బహుమతి ప్రకటించగా, సదాగ్రహం అనే మాటను సూచించినది ఆయనే. గాంధీజీ దానిని సత్యాగ్రహంగా దిద్దినారు.

కోచ్రబులో ఆశ్రమం స్థిరపడకముందే కఠిన పరీక్ష ఎదురైనది. అంటరానివారుగా ఎంచబడిన కులానికి చెందిన దూదాభాయి, ఆయన భార్య దానీబెన్, వారి బిడ్డ లక్ష్మి ఆశ్రమంలో చేరినారు. బావివద్ద తగవులు పుట్టినవి. ధనసహాయం ఆగిపోయినది. మరుసటి నెల వెచ్చానికి డబ్బు లేదని గాంధీజీకి తెలియజేయవలసిన బాధ్యత మగన్‌లాల్‌పైనే పడినది. అవసరమైతే హరిజనవాడకు తరలి అక్కడనే జీవింతమని గాంధీజీ నిబ్బరంగా సమాధానమిచ్చినారు. కొలది దినాలకు పేరు వెల్లడింపని ఒక శ్రేష్ఠి 13,000 రూపాయలు ఇచ్చి పోవడంతో ఆ గండం గడచినది.

అయితే పరీక్ష ధనంతో ముగియలేదు. మగన్‌లాల్ భార్య సంతోక్ బెన్ ఆ కుటుంబంతో కలసి మెలగలేకపోయినది. భర్తకును ఆ సంకోచం లేకపోలేదు. జీవితమంతా ధారపోసిన ఆశ్రమాన్ని విడిచి పోవుటకు దంపతులు సిద్ధపడినారు. గాంధీజీ తన ఆదర్శాన్ని సడలించుకోలేదు. వారిని వదులుకొనుటకును ఇష్టపడలేదు. నేత నేర్చుకొని రండని మద్రాసుకు పంపినారు. అక్కడ సుమారు ఆరు నెలలు గడచినవి. పడుగు తోడుట, గంజి పెట్టుట, అచ్చులో పోగు ఎక్కించుట, నాడె విసరుట అనేవి చూచి నేర్చుకొనే పనులు కావు. ఒక పోగు తెగితే ఓపికగా వెదకి ముడి వేయవలెను. ఆ పని మధ్యనే దంపతుల మనస్సులోని అస్పృశ్యతా భావం కూడ కరగిపోయినది. వారు మరల ఆశ్రమానికే చేరినారు.

మగ్గం ఆడసాగిన తరువాత మరొక చిక్కు తోచినది. నూలు ఎక్కడిది? మిల్లు నూలు కొనినంతకాలం ఆశ్రమ నేతగాండ్రు మిల్లులకు జీతం లేని ఏజెంట్లవంటివారే. రాట్నం కొరకు చాలకాలం వెదకినారు. 1917లో గాంధీజీకి పరిచయమైన గంగాబెన్ మజ్ముదార్ అనే సాహసి బరోడా సంస్థానంలోని విజాపూరులో దానిని కనుగొన్నది. అటకలెక్కిన రాట్నాలు మరల క్రిందికి దిగినవి. ఆనాటికి ఆశ్రమం సబర్మతీ తీరానికి మారియున్నది. మగన్‌లాల్ రాట్నాన్ని విప్పి, కదురును, చక్రాన్ని పరిశీలించి, అనేక సవరణలు చేసినారు. రాట్నాలు ఆశ్రమంలోనే తయారు కాసాగినవి. తొలి ఖద్దరు గజం 17 అణాలు పడినది. ఆ ధరకు ముతక బట్టను మిత్రులు కొని ఆదరించినారు.

తాను నేర్చినదానిని ఆయన చరఖా శాస్త్రమనే గ్రంథంగా కూర్చినారు. ఊరక దూదిని తిప్పితే నూలు కాదనియు, పత్తి ఏరుట, దూది ఏకుట, ఏకు చుట్టుట మొదలు ప్రతి దశకు ఒక పద్ధతి ఉండవలెననియు ఆయన పట్టుదల. 1925లో అఖిల భారత చరఖా సంఘం ఏర్పడగా సాంకేతిక శాఖ ఆయన చేతికే వచ్చినది. ఆశ్రమ నిర్వహణ భారమూ ఆయనదే. ఆయన క్రమశిక్షణ కొందరికి కటువుగా తోచేది.

1928లో బీహారులో ఘోషా నిర్మూలనకు పని చేయుచున్న కుమార్తె రాధను చూడబోయి జ్వరపడి, ఏప్రిల్ 23న పాట్నాలో కన్నుమూసినారు. ఆ దినం సోమవారం, గాంధీజీ మౌనదినం. తన వారసుడు కాదగినవాడని తలచినవాని మరణం ఆయనను వితంతువువలె ఒంటరిని చేసినది.

వార్ధాలోని మగన్‌వాడి ఆయన పేరిట వెలసినది. అన్న ఛగన్‌లాల్ కుమారుడు ప్రభుదాస్ కాలితో త్రొక్కే రాట్నాన్ని నిర్మించినాడు. దానిపై రెండు చేతులూ ఒకేసారి రెండు పోగులు తీయవచ్చును. దానికి మగన్ చరఖా అని పేరు పెట్టినారు.