గాజుబల్ల నుండి రాజాస్థానం వరకు : ఫ్రాంక్ సాలిస్‌బరీ జీవితం

చేతిపనిని విద్యకంటె ఒక మెట్టు క్రిందిదిగా భావించే అలవాటు మనలో నేటికీ పూర్తిగా తొలగిపోలేదు. కలం పట్టిన చేయి పనిముట్టు పట్టరాదని తలచేవారు ఇంకా ఉన్నారు. ఆ భావన ఎంత పొరపాటో తెలుపగల ఒక చిత్రకారుని జీవితాన్ని సోదర విద్యార్థుల ముందు ఉంచదలచాము. ఆయన పేరు ఫ్రాంక్ ఓవెన్ సాలిస్‌బరీ. రాజులను, దేశాధ్యక్షులను చిత్రించి ఖ్యాతి గడించిన ఈ ఆంగ్లేయుని కళాజీవితం ఆరంభమైనది గాజుముక్కలు కోసే బల్ల వద్ద. తెలుగునేలపై ఆయన కల్పన నిలిచి ఉన్నది కూడా గాజులోనే.

సాలిస్‌బరీ 1874 డిసెంబరు 18న ఇంగ్లండులోని హార్పెండెన్ అనే ఊరిలో జన్మించారు. తండ్రి నీటిగొట్టాలు బిగించడం, ఇళ్ళకు రంగులు వేయడం, ఇనుపసామాను అమ్మడం వంటి పనులతో పెద్ద కుటుంబాన్ని పోషించేవారు. బాల్యంలో ఆరోగ్యం సరిగా లేనందున ఫ్రాంక్ చదువు చాలావరకు ఇంటివద్దనే, సోదరి శిక్షణలో సాగింది. 15వ ఏట, సెయింట్ ఆల్బన్స్ పట్టణంలో పెద్దన్నగారు నడుపుతున్న రంగుటద్దాల కార్ఖానాలో ఆయన పని నేర్చుకొనుటకు చేరారు.

ఆ వృత్తి స్వరూపాన్ని ఇచ్చట కొంత వివరించడం అవసరం. రంగుటద్దపు కిటికీ అంటే తెల్లని గాజుపై రంగు పూసినది కాదు. గాజును కరిగించునపుడే లోహభస్మాలు కలిపి నీలం, ఎరుపు, ఆకుపచ్చ మొదలైన వర్ణాలు తెస్తారు. ముందుగా కిటికీ పరిమాణంలో కాగితంపై బొమ్మ గీస్తారు. ఒక్కొక్క ముక్కకు నమూనా కత్తిరించేటపుడు, రెండు ముక్కల నడుమ సీసపు బద్దీకి కావలసిన సన్నని సందు దానంతటదే ఏర్పడునట్లు జంట అంచుల కత్తెర వాడతారు.

నిజానికి గాజును ఏ కత్తీ కోయదు. దానిపై ఒక గీత మాత్రమే గీయగలదు. గీత వెంట క్రిందినుండి మెల్లగా తట్టి ఒడుపుగా వంచితే గాజు విరుగుతుంది. మధ్యయుగాలలో కాల్చిన ఇనుపకడ్డీని ఆనించి గాజును పగులదీసేవారు. పిదప వజ్రపు మొన వచ్చింది. 19వ శతాబ్దపు ఉత్తరార్ధంలో చిన్న ఉక్కుచక్రం గల కోత పనిముట్టు వాడుకలోకి వచ్చింది. లోతైన వంపులు ఒక్క గీతతో రావు. పూర్వం చివర గాడి ఉన్న ఇనుపకడ్డీతో, తరువాత పటకారుతో, అంచును కొంచెం కొంచెంగా కొరికి ఆకారం తీర్చేవారు. తొందరపడితే ముక్క పాడవుతుంది. గీత ఒకసారి పడిన పిమ్మట చెరుపుటకు వీలులేదు.

ముఖము, వస్త్రపు మడతలు ముదురు రంగుతో తీర్చి ముక్కలను బట్టీలో కాలుస్తారు. ఎముకతోగాని కొయ్యతోగాని చేసిన పనిముట్టుతో సీసపు బద్దీ గాడిని తెరచి, అందులో ముక్కలను కూర్చి, జారిపోకుండా లాడపు మేకులతో బల్లకు నిలిపి, కీళ్ళవద్ద టంకం పోస్తారు. ఇస్లామీయ వాస్తులో మరొక పద్ధతి కలదు. జిప్సం పలకను తొలిచి ఆ రంధ్రాలలో రంగుగాజు అమరుస్తారు. పద్ధతి ఏదైనా పనివాని చేతి నిలకడే దానికి ఆధారం.

ఈ పనులన్నిటినీ సాలిస్‌బరీ త్వరలోనే వశపరచుకొన్నారు. గాజుపై చిత్రరచనలో ఆయన నేర్పును గుర్తించిన అన్నగారు, వారానికి మూడు దినాలు లండనులోని హెదర్లీ చిత్రకళాశాలకు పంపారు. అక్కడినుండి ఆయన ఉపకార వేతనంతో రాయల్ అకాడమీ పాఠశాలలో ప్రవేశించి, పతకాలు సాధించి, 1896లో ఇటలీ పర్యటించారు. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, బ్రిటన్ ప్రధాని చర్చిల్ ఆయన చిత్రించిన ప్రముఖులలోనివారు. 1937లో జరిగిన ఆరవ జార్జి పట్టాభిషేకాన్ని కూడా ఆయన చిత్రించారు. ఇంత కీర్తి వచ్చినా రాయల్ అకాడమీ సభ్యత్వం మాత్రం ఆయనకు ఎన్నడూ లభించలేదు. నవీన చిత్రకళా రీతులను ఆయన తీవ్రంగా వ్యతిరేకించారు. కాలం ఆ రీతులవైపే సాగిపోయింది.

ఇక మెదక్ సంగతి. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ పూనికతో, కరవు కాలంలో పేదలకు కూలి కల్పిస్తూ నిర్మించిన మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. సాలిస్‌బరీ కూడా మెథడిస్టే. ఆ ఆలయపు మూడు గొప్ప కిటికీలకు ఆయనే రూపకర్త. క్రీస్తు ఆరోహణ దృశ్యం 1927లో, జనన దృశ్యం 1947లో, సిలువ దృశ్యం 1958లో వెలసినవి. మొదటిదానినాటికి ఆయన వయస్సు 50 దాటింది, చివరిదాని నాటికి 80 దాటింది. రాజుల చిత్రాలు గీసిన పిదప కూడా ఆయన తన మొదటి వృత్తిని విడువలేదని ఈ సంవత్సరాలే చెబుతున్నాయి. 1962 ఆగస్టు 31న ఆయన కన్నుమూశారు. పగటివేళ ఆ ఆలయంలో నిలిచిన వారికి మతభేదం లేకుండా ఆ వర్ణకాంతి నేటికీ లభిస్తున్నది.

2022 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరిన మన చోడవరం ప్రాంతానికి ఈ కథ దూరమైనదని మేము భావించడం లేదు. మన జిల్లాలోనే వరాహ నదీతీరాన ఏటికొప్పాక ఉన్నది. అక్కడి పనివారు అంకుడు కర్రను ఉలితో తీర్చి, తిరుగుతున్న బొమ్మపై లక్కరంగును అద్దుతున్నారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. గుర్తింపు పత్రం ఒక్కటే విద్యను నిలపజాలదు. ఉలి పట్టే చేతులు తరువాతి తరంలో కూడా ఉండాలి. ఆ చేతులకు తగిన ప్రతిఫలం, గౌరవం దక్కాలి.

పనివాని కుటుంబంలో పుట్టిన విద్యార్థి ఇంటి పనిముట్టును చూచి సిగ్గుపడవలసిన పని లేదు. అన్నగారు సాలిస్‌బరీని పనిబల్ల వద్ద ఉంచుతూనే కళాశాలకు పంపారు. మన కళాశాలల పెద్దలు కూడా చదువుకు, చేతిపనికి నడుమ అట్టి దారి తెరువగలిగితే, మన పల్లెలలో మరుగునపడి ఉన్న నేర్పు వెలుగు చూడగలదని మా విశ్వాసం.