వాన వెన్నెల దర్శకుడు కెంజి మిజోగుచి

జపాను సినిమా అనగానే మనలో చాలామందికి కురొసావా పేరు, కత్తి దూసిన సమురాయ్ వీరులు గుర్తుకు వస్తారు. కాని ఆ దేశంలోనే, కలవంటి చిత్రాలు తీసి ఆ కలకు ఎవరు వెల చెల్లించారో చూపిన మహాదర్శకుడు మరొకడున్నాడు. ఆయనే కెంజి మిజోగుచి. ఆయన జీవితాన్ని పాఠకులకు పరిచయం చేసి, ఆయన చిత్రాలను ఎక్కడ మొదలుపెట్టి చూడాలో చెప్పాలని మా ఉద్దేశం.

మిజోగుచి 1898 మే 16న టోక్యోలో జన్మించాడు. తండ్రి వడ్రంగి. రష్యా-జపాను యుద్ధకాలంలో సైన్యానికి రెయిన్ కోట్లు అమ్మి లాభం గడిద్దామని ఆశపడ్డాడు. ఇంతలో యుద్ధం ముగిసింది. కుటుంబం వీధిన పడింది. ఇల్లు గడవక పెద్ద కూతురు సుజును పెంపకానికిచ్చారు. చివరకు ఆమె గీషాగా అమ్ముడుపోయింది. 1915లో తల్లి మరణించాక తమ్ముణ్ణి ఆదుకున్నది ఆ అక్కే.

కొంతకాలం చిత్రలేఖనం అభ్యసించిన మిజోగుచి 1920లో నిక్కాట్సు స్టూడియోలో చేరాడు. 1923లో దర్శకుడయ్యాడు. ఆ ఏటి మహాభూకంపం తరువాత క్యోటోకు మకాం మార్చాడు. ఆయన తీసిన చిత్రాలు సుమారు 90. నేడు మిగిలినవి దాదాపు 30 మాత్రమే. 1936లో రచయిత యోషికాత యోదాతో కలిసి తీసిన ఒసాకా ఎలిజీలో, ఒక టెలిఫోన్ ఆపరేటరు తండ్రి అప్పు తీర్చడానికి, అన్న చదువు కోసం తనను తాను పణంగా పెడుతుంది. చివరకు ఆ ఇంటివారే ఆమెను వెలివేస్తారు. సుజు కథ తెలిసినవారికి ఇది ఎక్కడిదో వేరే చెప్పనక్కరలేదు.

గతించినవారి మంచినే తలచుకోవడం మన సంప్రదాయం. అయినా ఒక మాట దాచలేము. స్త్రీల దుఃఖాన్ని అంతగా ఎరిగిన ఈయన స్వయంగా ఉత్తముడేమీ కాదు. 1925లో ఆయనతో కలిసి ఉన్న ఒక స్త్రీ మంగలికత్తితో ఆయన వీపు కోసింది. ఆయన ఉత్తమ చిత్రాలకు ప్రాణం పోసిన నటి కినుయో తనాకా తానూ దర్శకురాలు కాబోతే ఆయన అడ్డుపడ్డాడు. తాను తీర్చలేని ఋణాన్ని తెర మీద ఒప్పుకున్నాడని మాకు తోస్తుంది.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి? 1953 నాటి ఉగెత్సుతో. ఆ మాటకు వాన, వెన్నెల అని అర్థం. యుద్ధకాలంలో ఒక కుమ్మరి ధనాశతో భార్యాబిడ్డలను విడిచి పట్నం పోతాడు. అక్కడ ఒక దయ్యపు రాచకన్య మోహంలో పడతాడు. మన కాశీమజిలీ కథలు చదివినవారికి ఈ దారి కొత్తేమీ కాదు. బీవా సరస్సుపై పొగమంచులో పడవ సాగే ఘట్టం మరపురానిది. చివరకు అతడు ఇల్లు చేరతాడు. ఇల్లంతా చీకటి, ఎవరూ లేరు. కెమెరా అతణ్ణి అనుసరించి తిరిగి వచ్చేసరికి, అదే గదిలో పొయ్యి వెలుగుతూ భార్య వంట చేస్తూ ఉంటుంది. మధ్యలో కత్తిరింపు లేదు. ఆమె ఎప్పుడో సైనికుల చేతిలో హతమైందని తెల్లవారాక గాని అతనికి తెలియదు. మిజోగుచి కల ఇటువంటిది. కన్నది మగవాడు, వెల చెల్లించినది ఆడది.

ఆ తరువాత 1954 నాటి సన్షో దయూ చూడాలి. అందులో అన్నను బానిసత్వం నుండి తప్పించడానికి చెల్లెలు సరస్సులోకి నడిచిపోతుంది. మూడవది 1952 నాటి ఓహరు జీవితం. అంతఃపుర స్త్రీ వీధి వేశ్యగా దిగజారిన కథ. ఈ మూడింటికీ వెనిస్ ఉత్సవంలో వరుసగా మూడేళ్ళు బహుమతులు వచ్చాయి. నిదానంగా సాగే చిత్రాలు గనుక తీరిక ఉన్న రాత్రి, ఒక్కటొక్కటిగా చూడవలసిందిగా మా మనవి.

1956లో వచ్చిన ఆయన చివరి చిత్రంలో కలలేవీ లేవు. టోక్యో వేశ్యావాటికలోని స్త్రీల బ్రతుకులే దాని కథ. వేశ్యావృత్తి నిషేధ చట్టంపై దేశం వాదించుకుంటున్న రోజులవి. ఆ ఏడే పార్లమెంటు చట్టాన్ని ఆమోదించింది. ఆగస్టు 24న మిజోగుచి రక్తక్యాన్సరుతో క్యోటోలో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 58. దూరదేశాల్లో మనం కన్న కలల వెనుక కూడా ఏ అక్కో, ఏ అమ్మో ఉండే ఉంటుంది. ఉగెత్సు చూసిన రాత్రి వారిని ఒక్కసారి తలచుకుందాం.