ముప్పై ఎనిమిది సుంకపు గేట్లు

మన మెఫా పేపర్లో ఆడమ్ స్మిత్ ఉంటాడు, ఆయనతో వాదులాడిన ఫ్రెడరిక్ లిస్ట్ ఉండడు. ఈయన 1789లో రాయిట్లింగెన్‌లో, తోళ్లు ఊనే వాళ్లింట పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు జర్మనీలో ఉంది. అప్పటికి జర్మనీ అనే దేశమే లేదు. నెపోలియన్ పోయాక కూడా 39 రాజ్యాలు, ఎవరి సుంకం వాళ్లదే. బెర్లిన్ నుంచి స్విట్జర్లాండ్‌కి సరుకు పంపితే పది రాజ్యాలు దాటాలి, దారి పొడవునా పన్ను కడుతూ పోవాలి. జీఎస్టీకి ముందు మన చెక్‌పోస్టుల దగ్గర బారులు తీరిన లారీలు గుర్తున్నాయా? అలాగన్నమాట. ఇంగ్లండ్ మిల్లు బట్ట మాత్రం చవగ్గా వచ్చి పడేది.

1819లో వర్తకుల తరఫున ఓ అర్జీ రాశాడు. లోపలి 38 సుంకపు గేట్లు ఎత్తేసి, అందరికీ కలిపి బయట ఒకే గేటు పెట్టమన్నాడు. దాంతో ట్యూబింగెన్‌లో ప్రొఫెసర్ ఉద్యోగం పోయింది. తర్వాత సొంత రాజ్యం వుర్టెంబర్గ్‌లో అధికారుల్ని విమర్శించినందుకు పది నెలల జైలు శిక్ష పడింది. దేశం వదిలిపోతానంటేనే విడిచిపెట్టారు.

1825లో అమెరికా చేరాడు. పెన్సిల్వేనియాలో వ్యవసాయం కలిసిరాలేదు. పత్రిక నడిపాడు, బొగ్గు గనులకి రైలు మార్గం వేయించాడు. తను అడిగిన ఏర్పాటు అక్కడ కళ్లముందే నడుస్తోంది: లోపల అడ్డులేని పెద్ద మార్కెట్, బయట ఫ్యాక్టరీలను కాచే సుంకం. ఇంగ్లండ్ కూడా ఇలాగే ఎదిగి, మేడెక్కాక నిచ్చెన లాగేస్తోందని ఆయన వాదన. అయితే సుంకం ఎప్పటికీ ఉండాలనలేదు, పరిశ్రమ కాళ్లమీద నిలబడేదాకానే.

అమెరికా కాన్సుల్‌గా తిరిగొచ్చి, 1833లో లైప్జిగ్ కేంద్రంగా జర్మనీ అంతటికీ రైలు మ్యాప్ గీశాడు. గేట్లు తీస్తే సరిపోదు, సరుకు కదలాలిగా! 1834లో ప్రష్యా నాయకత్వంలో సుంకాల కూటమి మొదలైంది, 1839కి లైప్జిగ్-డ్రెస్డెన్ రైలు నడిచింది. ఆ రైలు కంపెనీ డైరెక్టర్లలో మాత్రం ఆయనకి చోటివ్వలేదు. 1841లో తన పెద్ద పుస్తకం అచ్చయింది. చివరికి జబ్బు, డబ్బు ఇబ్బందులు. 1846 నవంబరులో కుఫ్‌స్టైన్ అనే ఆల్ప్స్ ఊళ్లో తన ప్రాణం తానే తీసుకున్నాడు.

ఒక సంగతి దాచకూడదు. ఉష్ణ దేశాలకి పరిశ్రమలు నప్పవని, వ్యవసాయమే చేసుకోవాలని కూడా ఆయనే రాశాడు. అంటే మనం! అయినా 1892లో పూనా ఉపన్యాసంలో మహాదేవ గోవింద రానడే లిస్ట్ ఆలోచనల్నే ఆసరా చేసుకుని, భారత పరిశ్రమలకి ప్రభుత్వం అండగా నిలవాలని వాదించాడు.